ఊరికే చూడడం

వేసవి సెలవులు ఇచ్చే ముందు రోజు మా తెలుగు మాస్టారు తొమ్మిదో తరగతిలో ఒక ప్రశ్న వేశారు. ఒకదాన్ని వాడుకోకుండా, కొనుక్కోకుండా, ఇంటికి తెచ్చుకోకుండా ఊరికే చూస్తూ నిలబడడంలో మంచి అనేది ఏమైనా ఉందా, లేక అది పొద్దుపోనివాళ్ళు చేసే పనేనా? సగం మంది "టైంపాస్ సార్" అన్నారు. మిగతా సగం "జ్ఞానం పెరుగుతుంది సార్" అన్నారు, పరీక్షలో రాసినట్టు. మాస్టారు రెండు జవాబులకీ తలూపి, సెలవులయ్యాక రాసి తీసుకురండి అన్నారు. ఈ సెలవుల్లో నేను ఎక్కువగా చూసినవి పిట్టలు, సీతాకోకచిలుకలు. కాబట్టి ఆ ప్రశ్నని వాటి మీదే పెట్టి చూస్తాను.

ముందుగా, ఎక్కడ చూశానో చెప్పాలి. మేముండేది బడా బజార్‌లో. అక్కడ ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు ఉంటాయి. తల ఎత్తితే కరెంటు వైర్లు, వైర్ల మీద కాకులు, పావురాలు, ఇంకా పైన గద్దలు. అంతకన్నా చూడాలంటే ఊరు దాటాలి. మా నాన్నగారి ఊరు ఇచ్ఛాపురం అవతల, బాహుదా ఏటి ఒడ్డున ఉంది. వేసవి సెలవులకి ప్రతి ఏడూ అక్కడికే వెళ్తాం. మా చిన్నాన్న వ్యవసాయం చేస్తారు. పొద్దున్న అయిదు కాకముందే తోటకి బయల్దేరతారు. మే నెలలో ఎనిమిది దాటితే ఎండ నెత్తి మీద పెనం పెట్టినట్టుంటుంది కదా, అందుకని. నేను, మా తమ్ముడు ఆయన వెనకాల పడతాం. పొలం గట్టు, జీడిమామిడి తోట, తాటిచెట్ల వరస, మొగలి పొదలు, తర్వాత ఏటి గట్టు, మళ్ళీ ఇల్లు. మొత్తం నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో.

ఆ నాలుగు కిలోమీటర్లలో ఏమున్నాయంటే రోజూ ఒకే జవాబు రాదు. తీగ మీద పాలపిట్ట ఉంటుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టలా ఉంటుంది, ఎగిరిందంటే రెక్కల్లో ఎక్కడెక్కడి నీలాలూ బయటపడతాయి. గేదె వీపు మీద పసులపోలిగాడు తోక చీల్చుకుని కూర్చుంటాడు, గేదె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగుల్ని పడతాడు. వాడు గేదెకి సాయం చేస్తున్నాడా, గేదె వాడికి సాయం చేస్తోందా అని మా తమ్ముడికి అనుమానం. మామిడి కొమ్మల్లో వంగపండు పిట్ట పచ్చగా ఒక్క క్షణం కనపడి మాయమవుతుంది. కోయిల గొంతు అందరూ విన్నదే గాని, ఆ కూసేది నల్లటి మగది, ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో వేరే పిట్టలా ఉంటుంది, అది కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది అనే సంగతి నాకు ఈ సెలవుల్లోనే కళ్ళారా తెలిసింది. కాకి తన నోట్లోది తీసి కోయిల పిల్లకి పెడుతోంది. మోసం అంటే ఇదే కదా అంటే చిన్నాన్న నవ్వి, "కాకిని అడిగావా?" అన్నారు.

సీతాకోకచిలుకలు వేసవిలో తక్కువే. వానలు పడ్డాక చూడాలి వాటి సందడి. కానీ నీళ్ళు ఎండిపోయే కాలంలో తడి ఎక్కడుంటే అక్కడ అన్నీ ఒకచోట చేరతాయి, అది వేసవిలో ఉన్న లాభం. బాహుదా మే నెలలో ఏరు కాదు, ఇసుక. ఆ ఇసుక మధ్య సన్నటి పాయ, పాయ పక్కన తడి మరక. ఆ మరక మీద పసుపువి, తెల్లవి, నిమ్మచెట్టు మీద పుట్టే నలుపూ పసుపూ మచ్చలవి ఇరవై ముప్పై రెక్కలు ముడుచుకుని కూర్చుంటాయి. అవి నీళ్ళ కోసం మాత్రమే రావు. తడి మట్టిలో ఉండే ఉప్పు వాటికి కావాలి, వచ్చేవాటిలో ఎక్కువ మగవే. ఉప్పు కోసం క్యూ కట్టడం మనుషుల పనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

జిల్లేడు మీద పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక కథ ఇంకా బాగుంటుంది. దాని గొంగళి జిల్లేడు ఆకు తింటుంది. ఆ పాలలోని విషం ఒంట్లో నిలవ ఉండడం వల్ల పిట్టలు దాన్ని తినవు. తిన్నవి కక్కుకుంటాయి, మళ్ళీ ముట్టుకోవు. అందుకే అది తొందర లేకుండా, పెళ్ళివారి నడకలా నెమ్మదిగా ఎగురుతుంది. ఇంకో జాతి ఆడ సీతాకోకచిలుక విషం ఏమీ లేకపోయినా అచ్చం దీని చీరే కట్టుకుని తిరుగుతుంది. పిట్టలు మోసపోతాయి. మనమూ మోసపోతాం.

ఇంతవరకూ రాసింది చదివితే "జ్ఞానం పెరుగుతుంది" అన్న పక్షానికి ఓటేసినట్టుంది. నిజమే, పెరిగింది. కానీ మాస్టారు అడిగింది అది కాదు. జ్ఞానం కోసం చూస్తే అది కూడా ఒక వాడకమే, పిట్టని పుస్తకంలా వాడుకున్నట్టు. ఆయన అడిగింది ఏ వాడకమూ లేని చూపు గురించి. మా నాయనమ్మ కూడా అదే అడిగింది, ఇంకొంచెం గట్టిగా. "ఏటే, పొద్దుగాల్నుంచీ ఆ పిట్టల్నే సూస్తన్నావు, అవేటైనా నీకు బువ్వెడతాయా?"

నాయనమ్మ ప్రశ్నకి తేలికైన జవాబు లేదు. ఎందుకంటే అదే పొద్దున్న, నేను పిట్టల్ని చూస్తూ నిలబడిన గట్టు మీదే, పక్క పొలంలో ఒక అత్త డబ్బా కొడుతూ పిట్టల్ని తోలుతోంది. ఆరబోసిన గింజల మీద చిలకలు, పిచ్చుకలు వాలుతున్నాయి. ఆవిడకీ పిట్టలు కనపడుతున్నాయి, నాకన్నా బాగా కనపడుతున్నాయి. ఏ పిట్ట ఎప్పుడు వస్తుందో, ఎటునుంచి వస్తుందో, ఎంత తింటుందో ఆవిడకి తెలుసు. నాకు ఆ పిట్టలు అందంగా కనపడ్డాయంటే, ఆ గింజలు నావి కావు కాబట్టి. ఊరికే చూడగలగడం అనేది ఒక తీరిక. తీరిక ఎక్కడినుంచో వస్తుంది. నాకు మా చిన్నాన్న చెమట నుంచి, మా అమ్మ వంటగది నుంచి వచ్చింది. ఇది ఒప్పుకోకుండా "ప్రకృతిని ప్రేమించాలి" అని వ్యాసం రాసేస్తే అది పెద్ద అబద్ధం అవుతుంది.

ఇంకో సంగతి. ఊరికే చూడడం అంటాం గాని, చూపు ఊరికే ఉంటుందా? ఏటి గట్టు దాటాక రాళ్ళ నేల ఉంది. అక్కడ తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్ళు. గుడ్లు కూడా రాళ్ళలాగే మచ్చలు మచ్చలుగా ఉంటాయి, మామూలుగా నాలుగు. మనిషి అలికిడి వినగానే తల్లి లేచిపోయి నెత్తి మీద గిరగిరా తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపుని మనవాళ్ళు అపశకునం అంటారు. అరిచేది మనకి కీడు చెప్పడానికి కాదు, తన గుడ్ల మీద మన కాలు పడుతుందేమో అని. అసలు అపశకునం మనమే, దానికి.

మే నెల ఎండలో ఆ గుడ్లని వెచ్చగా ఉంచక్కర్లేదు, చల్లగా ఉంచాలి. అందుకని తీతువు నీళ్ళ దగ్గరికి పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. లేకపోతే నీడ పడేలా నిలబడుతుంది. నేను పది నిమిషాలు దగ్గర నిలబడి "ఎంత బాగుందో" అనుకుంటే, ఆ పది నిమిషాలు గుడ్లు ఎండలో కాలుతాయి. నేను ముట్టుకోలేదు, తీసుకోలేదు, రాయి వెయ్యలేదు. అయినా నా చూపుకి ఖరీదు ఉంది, అది ఇంకొకరు కడుతున్నారు. చిన్నాన్న మమ్మల్ని ఆ రాళ్ళ నేలకి యాభై అడుగుల దూరంలో తాటిచెట్టు దగ్గరే ఆపేసేవారు. అక్కడినుంచి పిట్ట సరిగ్గా కనపడదు. సరిగ్గా కనపడకపోవడమే సరైన దూరం అని ఆయన లెక్క.

ఈ లెక్క తెలియకపోతే చూడాలనే కోరిక ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి పాలపిట్టే సాక్షి. దసరానాడు పాలపిట్టని చూస్తే శుభం అని మన తెలుగువాళ్ళ నమ్మకం. తెలంగాణలో అయితే జమ్మిచెట్టు, పాలపిట్ట లేకుండా దసరా లేదు. ఒకప్పుడు జనం ఊరి బయటికి నడిచి వెళ్ళి, పొలాల్లో వెతికి, కనపడితే దండం పెట్టుకుని వచ్చేవారు. పట్నాలు పెరిగాయి, నడిచే ఓపిక తగ్గింది, పొలాలూ దూరమయ్యాయి. కానీ చూడాలనే ఆశ తగ్గలేదు. అప్పుడు కొందరు పిట్టల్ని పట్టి, కాళ్ళు కట్టి, ఎగరకుండా రెక్కలు అంటించి, పంజరంలో పెట్టి గుడుల దగ్గరికి తెచ్చి చూపించి డబ్బులు అడగడం మొదలుపెట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం సంగతి అలా ఉంచండి. డబ్బులిచ్చి చూసినవాడు కూడా పిట్టని ముట్టుకోలేదు, ఊరికే చూశాడంతే. శుభం కోసం చూశాడు. ఆ చూపే పిట్ట రెక్కలు అంటించింది.

మధ్యలో ఒక మాట. పాలపిట్ట మన ఒడిశాకి రాష్ట్ర పక్షి. తెలంగాణకీ, కర్ణాటకకీ కూడా అదే. ఆంధ్రకి కూడా అదే ఉండేది, 2018లో వాళ్ళు రామచిలుకని పెట్టుకున్నారు. కాబట్టి ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రాల సరిహద్దు పక్కన తీగ మీద కూర్చున్న పాలపిట్ట ఇటు ఎగిరితే రాష్ట్ర పక్షి, అటు ఎగిరితే ఉత్త పిట్ట. 1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా మద్రాసు కిందే ఉండేది కాబట్టి మా ముత్తాతలకి ఈ ఇబ్బంది లేదు.

మద్రాసు అంటే గుర్తొచ్చింది. థామస్ జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1836లో మద్రాసు వచ్చి మొదట పనిచేసింది మన గంజాం జిల్లాలోనే. సైనికులకి జ్వరాలకి మందిస్తూ, తీరిక దొరికినప్పుడు తూర్పు కనుమల పిట్టల్ని పరిశీలించేవాడు. తర్వాత భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ కాలంలో పక్షిని తెలుసుకోవడం అంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టడం. వేరే దారి వాళ్ళకి తెలియదు, దూరం నుంచి దగ్గరగా చూపించే మంచి అద్దాలూ లేవు. జెర్డన్ కనిపెట్టిన పక్షుల్లో ఒకటి కలివికోడి. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయింది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రిపూట దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత దొరికిన పిట్ట! కొద్ది రోజులకే అది చచ్చిపోయింది. దాని వల్లే అక్కడ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, ఆ అడవికి కాపలా వచ్చింది. ఐతన్న చేసింది తప్పా, ఒప్పా? పట్టకపోతే ఉందని లోకానికి తెలిసేది కాదు. తెలియకపోతే ఆ ముళ్ళ పొదలు ఎప్పుడో ఎవరో నరికేసేవారు. పట్టాక పిట్ట బతకలేదు. మా తరగతిలో దీని మీద ఒక పీరియడంతా కొట్టుకున్నాం. నా మటుకు నాకు ఆయన మీద కోపం రావడం లేదు. కానీ ఆ పిట్టకి ఇందులో ఏం దక్కింది అని అడిగితే మాట రావడం లేదు.

ఇక కోక సంగతి. ఒడియాలో సీతాకోకచిలుకని ప్రజాపతి అంటారు, సృష్టికర్త పేరు. మన తెలుగువాళ్ళు సీతమ్మ కోక గుర్తొచ్చి ఆ పేరు పెట్టుకున్నారు. కోక అంటే చీర. మా బరంపురం చీరలకే పేరుపడిన ఊరు, పట్టునగరం అని బోర్డులు కూడా ఉంటాయి. ఆ పట్టు ఎక్కడిది? సీతాకోకచిలుకకి వరసకి చెల్లెలయ్యే ఒక చిమ్మట గొంగళిది. అది తన చుట్టూ తాను ఒకే దారంతో గూడు అల్లుకుంటుంది. ఆ ఒక్క దారం విప్పితే కొన్ని వందల మీటర్లు వస్తుంది. లోపల చిమ్మట తయారై గూడు తొలుచుకుని బయటికొస్తే దారం తెగిపోతుంది. అందుకని ముందే ఆవిరికో వేడికో దాన్ని చంపి, గూళ్ళని ఉడుకు నీళ్ళలో వేసి దారం లాగుతారు. ఒక చీరకి ఎన్ని వేల గూళ్ళు కావాలో లెక్క వేసుకోండి. ఏటి ఇసుక మీద ఇరవై సీతాకోకచిలుకల్ని చూసి మురిసిపోయిన నేను, మా అక్క పెళ్ళిలో ఎన్ని వేల చిమ్మటల మధ్య కూర్చున్నానో.

ఈ మాట తరగతిలో అంటే ఒక అబ్బాయి లేచాడు. వాళ్ళింట్లో మగ్గం ఉంది. "మీకు పురుగు మీద జాలి, మంచిదే. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ దారంతోనే. జాలితో అన్నం ఉడుకుతుందా?" అన్నాడు. మా నాయనమ్మ మాటే, ఇంకో నోట. ఎవరూ మాట్లాడలేదు. హైదరాబాదులో కుసుమ రాజయ్య గారు అనే ఆయన చిమ్మట ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళ నుంచి నూలు వడికి చీరలు నేయించారు, దాన్ని అహింసా పట్టు అంటారు అని మాస్టారు చెప్పారు. దారం తెగి ఉంటుంది కాబట్టి మెరుపు తక్కువ, శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ. ఆ అబ్బాయి వాళ్ళ నాన్న అది నేస్తే బడా బజార్‌లో కొనేవాళ్ళెవరు? మెరుపు లేని పట్టుచీర పెళ్ళికూతురికి పెడతామంటే మా అమ్మ కూడా ఒప్పుకోదు. ఇక్కడ నేతగాణ్ణి తప్పుపట్టడం అన్యాయం. అడిగే మెరుపు మనది.

ఇంకా దగ్గరికి వస్తే, మా పెరటి కరివేపాకు. దాని మీద మొదట పిట్ట రెట్టలా కనపడే గొంగళి, కొన్నాళ్ళకి ఆకుపచ్చగా మారేది, మా అమ్మకి "కరివేపాకు పురుగు". చీపురుపుల్లతో తీసి పారేస్తుంది. అదే ఏటి ఇసుక మీద నలుపూ పసుపూ మచ్చలతో కూర్చున్న సీతాకోకచిలుక. అందం వచ్చేదాకా ఆగితే మెచ్చుకుంటాం, ముందే దొరికితే పారేస్తాం. చూడడం నేర్చుకున్నవాడికి ఈ రెండూ ఒకటే అని తెలుస్తుంది. తెలిశాక కరివేపాకు మొక్క దగ్గర చెయ్యి కొంచెం ఆగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు రెండు కొమ్మలు పురుక్కి, మిగతావి పప్పుకి. మా అమ్మ పెట్టిన రూలు, నేను కాదు.

పూర్తిగా చంపకుండా బతకగలమా అంటే బతకలేం అనే నా జవాబు. అయితే దాన్ని దాచిపెట్టకుండా బతకవచ్చు. దీనికి మన జిల్లాలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఋషికుల్య ఒడ్డున జౌగడ కొండరాతి మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో మొదటిది ప్రాణుల్ని చంపడం గురించి. వెనక మా వంటశాలలో కూర కోసం రోజూ లక్షల్లో ప్రాణుల్ని చంపేవారు, ఇప్పుడు మూడింటినే చంపుతున్నారు, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు అని అందులో ఉంది. అంత పెద్ద చక్రవర్తి "నేను మానేశాను" అని రాయించుకోవచ్చు, అడిగేవాడెవడు? కానీ ఇంకా మిగిలిన మూడింటి లెక్క కూడా రాతి మీద చెక్కించాడు. నాకు ఆ శాసనంలో నచ్చింది దయ కాదు, ఆ లెక్క.

ఇప్పుడు తేలుకుంచి. ఇచ్ఛాపురం మండలంలో చిన్న ఊరు. మాకు దగ్గరే. ప్రతి ఏడూ జూన్‌లో నత్తగుల్ల కొంగలు గుంపులు గుంపులుగా వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద, ఇళ్ళ పెరళ్ళలో గూళ్ళు కడతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టడానికి. పిల్లలు పెద్దయ్యాక చలికాలం మొదట్లో వెళ్ళిపోతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు, కానీ ఈ కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో తిరిగేదే, సైబీరియా ముఖం చూడలేదు. దూరం నుంచి వచ్చిందంటే మనకి గౌరవం ఎక్కువ, ఇంటల్లుడికన్నా అమెరికా అల్లుడు ఎక్కువైనట్టు.

ఆ ఊరివాళ్ళు పిట్టల్ని చూడడానికి ఎక్కడికీ నడవక్కర్లేదు. పిట్టలే వాళ్ళ నెత్తి మీద ఉంటాయి. నెత్తి మీద అని ఊరికే అనడం లేదు. అయిదారు నెలలు రెట్టలు పడతాయి, బట్టలు ఆరెయ్యడం కష్టం, కుళ్ళిన నత్తల వాసన, పొద్దున్నే గోల. అయినా కొట్టరు, కొట్టనివ్వరు. కొంగలు వస్తే వానలు పడతాయని, పంట బాగుంటుందని వాళ్ళ నమ్మకం. చదువుకున్నవాళ్ళు "మూఢనమ్మకం, కానీ మంచి మూఢనమ్మకం" అంటారు. వానకాలం మొదట్లో వచ్చే పిట్ట వానని తెచ్చినట్టే కనపడుతుంది, అందులో అంత మూఢత్వం నాకు కనపడలేదు. మన గంజాంలో భేట్నోయి వైపు ఊళ్ళవాళ్ళు కృష్ణజింకల్ని ఇలాగే, పంట తింటున్నా తోలకుండా, కాపాడుకుంటున్నారు. చిలికా ఉత్తరాన మంగళాజోడిలో కథ ఇంకో రకం. ఒకప్పుడు పిట్టల్ని వేటాడి అమ్ముకున్నవాళ్ళే ఇప్పుడు పడవల్లో జనాన్ని తీసుకెళ్ళి పిట్టల్ని చూపిస్తున్నారు. అక్కడ చూసేవాడు డబ్బిస్తాడు, చూపించేవాడు బతుకుతాడు, పిట్టా బతుకుతుంది. నాయనమ్మకి ఈ సంగతి చెప్పాను. "మరైతే బువ్వెడతాయన్నమాట" అంది.

తేలుకుంచి ఆడవాళ్ళని ఎవరైనా "మీరు పక్షిప్రేమికులా?" అని అడిగితే నవ్వుతారేమో. వాళ్ళు చూడరు, భరిస్తారు. నాకు ఇక్కడే మాస్టారి ప్రశ్న తిరగబడినట్టు అనిపించింది. ఊరికే చూడడంలో మంచి ఉందా అని కాదు. చూసిన తర్వాత మన వంతు రెట్టలు మన మీద పడితే ఒప్పుకుంటామా అని.

ఇది మా ఇంటికే వచ్చింది. మా చిన్నాన్న ఇంటి వెనక పాత చింతచెట్టు ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్ళో చాలా చెట్లు పడిపోయాయి, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఇంకొన్ని పోయాయి. ఇది మిగిలింది. వానాకాలంలో గుడ్డికొంగలు దాని మీద గూళ్ళు కడతాయి. చిన్నాన్నకి ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, ఇల్లు చాలడం లేదు. వెనక గది వెయ్యాలంటే ఆ చెట్టు కొట్టాలి. మే నెలాఖరున మేస్త్రీ వచ్చి తాడుతో కొలత వేశాడు. నేను "వద్దు చిన్నాన్నా" అన్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు ఏడాదికి నెల్లాళ్ళు వచ్చి చూసి వెళ్తావమ్మా. మీ పిన్ని ఏడాదంతా ఆ రెట్టలు ఊడుస్తుంది. మీ చెల్లి పరీక్షలకి చదువుకోవడానికి మూల లేదు. ఇప్పుడు చెప్పు" అన్నారు.

చెప్పడానికి నా దగ్గర ఏముంది? అందంగా ఉంటాయి అనాలి. పిన్ని చీపురు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. అన్నీ చూసేవాడికి హక్కు వస్తుందని నేను అనుకోను. చూసినంత మాత్రాన ఆ చెట్టు నాది కాలేదు. కానీ చూసినవాళ్ళు ఒక్క పని చెయ్యగలరు, మిగతావాళ్ళకి లెక్కలో లేనిదాన్ని లెక్కలోకి తేగలరు. మేస్త్రీ తాడులో పన్నెండు అడుగులు, పది అడుగులు ఉన్నాయి. కొంగలు లేవు, ఎందుకంటే మేలో అవి ఇంకా రాలేదు, చెట్టు ఖాళీగా ఉంది. నేను చిన్నాన్నకి చెప్పింది అంతే. జూన్‌లో వస్తాయి, గుడ్లు పెడతాయి, పని అప్పుడు మొదలవుతుంది కదా, కొట్టేరోజుకి గూళ్ళలో పిల్లలుంటాయి అన్నాను. పిన్ని ముందుగా మాట్లాడింది. "పిల్లలున్న సెట్టు కొట్టకూడదు" అంది. ఊడ్చేది ఆవిడే కాబట్టి ఆ మాటకి బరువుంది.

సెలవులయ్యాక బరంపురం వచ్చేశాం. మొన్న ఫోన్లో తమ్ముడు అడిగితే పదకొండు గూళ్ళు లెక్కపెట్టానని చెల్లి చెప్పింది. అది తెల్లవారుజామున చెట్టు కింద అరుగు మీద గొడుగు వేసుకుని చదువుకుంటోందట, కొంగల గోలకి అలారం అక్కర్లేదట. గది పని కార్తీకం దాకా ఆపారు. మేస్త్రీ ఇంకో కొలత కూడా వేశాడు, చెట్టుకి ఇవతల, పదికి ఎనిమిది అడుగులే వస్తుంది, మంచం పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఏది వెయ్యాలో వాళ్ళింకా తేల్చుకోలేదు.